దూరదేశంలో గెలిచిన మన జట్టు

దక్కన్ ఛార్జర్స్ పేరు చెబితే ఇప్పటి పిల్లలు అది ఏ లీగులో ఆడిందని అడుగుతున్నారు. ఐపీఎల్ కప్పు గెలిచిన జట్లలో ఇవాళ మైదానంలో లేనిది అదొక్కటే. 2008లో తొలి కప్పు కొట్టిన రాజస్థాన్ ఉంది, చెన్నై ఉంది, ముంబై ఉంది, కోల్‌కతా ఉంది. 2009లో రెండో కప్పు కొట్టిన మన జట్టును మాత్రం భారత క్రికెట్ బోర్డు 2012 సెప్టెంబర్ 14న రద్దు చేసింది. ఐదు సీజన్లు, 75 మ్యాచులు, 29 గెలుపులు. అంకెలుగా చూస్తే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ 29లో తొమ్మిది ఒక్క ఎండాకాలంలో వచ్చాయి. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో నా ఈడువాళ్లం ఇప్పటికీ కలిస్తే మాట్లాడుకునేది ఆ ఎండాకాలం గురించే.

మొదటి ఏడాది సంగతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే రెండో ఏడాది రుచి తెలియదు. 2008లో కాగితం మీద మన జట్టును చూసి మిగతావాళ్లు భయపడాల్సిందే. ఆడం గిల్‌క్రిస్ట్, ఆండ్రూ సైమండ్స్, షాహిద్ అఫ్రిది, హెర్షెల్ గిబ్స్, కుర్రాడు రోహిత్ శర్మ, అందరి మీదా మన వీవీఎస్ లక్ష్మణ్ కెప్టెన్. పద్నాలుగు మ్యాచులు ఆడి రెండు గెలిచారు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. హైదరాబాద్‌లోని సొంత మైదానం ఉప్పల్‌లో ఏడు ఆడి ఏడూ ఓడారు. రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 కొడితే, చివరి ఓవర్ అతని చేతికే బంతి వచ్చి, షేన్ వార్న్ అతన్నే బాది మ్యాచ్ పట్టుకుపోయాడు. నవీ ముంబైలో గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ కొట్టిన రోజు ఒక్కటే ఆ ఏడాది మాకు పండుగ. లక్ష్మణ్ గాయంతో తప్పుకున్నాక పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కు వచ్చాయి. హైదరాబాద్ క్రికెట్‌లో ఉన్న మంచి కుర్రాళ్లు కొందరు, అంబటి రాయుడితో సహా, అప్పటికే మరో లీగులో ఆడి బోర్డు నిషేధంలో ఉన్నారు. వాళ్లు మన చొక్కా వేసుకునే అవకాశమే లేకపోయింది.

హైదరాబాద్ మాకు నూట ఎనభై కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం మ్యాచుకు ఉప్పల్ పోయి, అర్ధరాత్రి ఆట ముగిసి, తెల్లారేసరికి ఊరికి రావడమంటే పనీపాటా ఉన్నవాడికి అయ్యే పని కాదు. బస్సు ఛార్జీ, టికెట్, ఒక పూట కూలి పోవడం, అన్నీ కలిపితే ఒక ఇంటి వారం ఖర్చు. అందుకే 2008లో జట్టు పేరు మనదే అయినా అది పట్నంవాళ్ల జట్టులాగే ఉండేది. టీవీలో స్టాండు చూపిస్తుంటే అక్కడ మావాళ్లు ఎవరూ కనబడేవారు కాదు. ఉప్పల్‌లో చూసి వచ్చినోడు ఒకడుంటే వాడి మాటే మాట, మేమంతా వినేవాళ్లం.

2009 దాన్ని మార్చేసింది. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికలు ఐపీఎల్ వేళకే వచ్చాయి. బలగాలు ఎన్నికలకు పోతే ఆటకు పోలీసు బందోబస్తు ఇవ్వలేమని ప్రభుత్వం చెప్పింది, బోర్డు లీగు మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తీసుకుపోయింది. ఏప్రిల్ 16న మా జిల్లాలో పోలింగ్. ఏప్రిల్ 18న కేప్‌టౌన్‌లో టోర్నీ మొదలు. ఓట్ల లెక్కింపు మే 16న. ఓటు వేసి ఫలితం కోసం ఎదురుచూసిన ఆ నెల రోజులూ మాకు సాయంత్రాలు నిండుగా గడిచాయి. డర్బన్‌లో, సెంచూరియన్‌లో ఆడే ఆట ఉప్పల్ స్టేడియం గోడ పక్కన ఇల్లున్నవాడికి ఎంత దూరమో మా పక్క పెర్కిట్‌లో ఉన్నవాడికీ అంతే దూరం. అందరికీ ఉన్నది ఒక్క సెట్ మ్యాక్స్ ఛానలే. ఆ ఏడాది ఛార్జర్స్ పూర్తిగా మాది అయింది.

మా దగ్గర అది పసుపు చివరి రోజులు. జనవరి నుంచి తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టిన కొమ్మూ మండా బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలేవాళ్లు తోలుతారు. రేటు నచ్చనివాళ్లు మహారాష్ట్రలోని సాంగ్లీకి లారీ కడతారు. సాయంత్రం నాలుగింటికి ఒక మ్యాచ్, రాత్రి ఎనిమిదింటికి ఒక మ్యాచ్. నాలుగింటి మ్యాచ్ ఉంటే కాంటా దగ్గర హమాలీల కన్ను టీవీ ఉన్న దుకాణం మీదే. పాత బస్టాండు దగ్గర చాయ్ హోటళ్లలో గ్లాసు ఖాళీ అయినా లేవమనేవాళ్లు కాదు. దుబాయ్‌లో పనులు ఆగిపోయి ఇంటికొచ్చినవాళ్లు ఆ ఏడు ఎక్కువే. వాళ్లకు పగలు చేసే పని లేదు, రాత్రి నిద్ర లేదు, అప్పుల లెక్క తలలో తిరుగుతుంటుంది. ఆ మూడు గంటలు వాళ్లు తెరిపిన పడేవాళ్లు. ఆట మనిషికి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది వాళ్ల ముఖాలే.

మొదటి మ్యాచులో కోల్‌కతాను 101కి పడగొట్టారు, ఆర్పీ సింగ్‌కు నాలుగు వికెట్లు. తర్వాత బెంగళూరు, తర్వాత ముంబై, తర్వాత చెన్నై. వరసగా నాలుగు. పోయిన ఏడు మొత్తంలో రెండు గెలిచిన జట్టు ఇది. పాయింట్ల పట్టికలో మన పేరు పైన చూసి మాకే నమ్మకం కుదరలేదు. "ఆగు తమ్మీ, ఇంక పది మ్యాచులున్నయ్" అని పెద్దవాళ్లు పట్టి ఆపేవారు.

వాళ్లన్నదే అయింది. ఢిల్లీ మీద ఓటమి, రాజస్థాన్ మీద ఓటమి, చెన్నై మీద 78 పరుగుల ఓటమి. పాత రోజులు తిరిగొచ్చాయని అనుకుంటుండగా మే 6న సెంచూరియన్‌లో రోహిత్ శర్మ చేతికి గిల్‌క్రిస్ట్ బంతి ఇచ్చాడు. బ్యాటు పట్టుకునే పిల్లవాడు అతను. ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు. రెండు ఓవర్లు, ఆరు పరుగులు, నాలుగు వికెట్లు. తర్వాత అదే ముంబైకి అతను కెప్టెన్ అయి ఐదు కప్పులు ఇస్తాడని, దేశానికి 2024లో టీ20 ప్రపంచ కప్పు తెస్తాడని ఆ రాత్రి ఎవరికి తెలుసు? మాకు అతను విశాఖ ఆడబిడ్డ కొడుకు, మన పిల్లవాడు, అంతే. అతని మొదటి ఐపీఎల్ కప్పు ముంబైలో రాలేదనీ మన చొక్కాలో వచ్చిందనీ ఇప్పటికీ ఎవరైనా మరిచిపోతే మేం గుర్తు చేస్తాం.

మే 16 సంగతి వేరే చెప్పాలి. పొద్దున్నించీ ఊరంతా ఓట్ల లెక్కింపు మీదే ఉంది. ఏ రౌండులో ఎవరికి ఎంత మెజారిటీ, ఎవరి ఇంటి ముందు పటాకులు, ఎవరి ఇంటి ముందు తలుపులు మూత. అదే రోజు జొహానెస్‌బర్గ్‌లో కోల్‌కతాతో మ్యాచ్. చివరి ఓవర్లో 21 కావాలి. బౌలర్ బంగ్లాదేశ్ మష్రఫే మొర్తజా. న్యూస్ ఛానల్ పెట్టమనేవాడు ఒకడు, మ్యాచ్ పెట్టమనేవాడు ఒకడు, రిమోటు కోసం లాగులాట. గెలుపు ఆశ పోయిందని మ్యాచ్ తీసేసిన దుకాణాలు ఊళ్లో చాలా ఉన్నాయి. మ్యాచ్ పెట్టినచోట ఉన్నవాళ్లు మాత్రమే రోహిత్ ఒక్కో బంతినీ ఎలా పంపాడో చూశారు. చివరి బంతి సిక్స్. ఓడిన అభ్యర్థి తరఫు కుర్రాళ్లు, గెలిచిన అభ్యర్థి తరఫు కుర్రాళ్లు ఒకే హోటల్లో ఒకరినొకరు పట్టుకుని గెంతారు. పొద్దున వాళ్ల మధ్య మాటల్లేవు.

మర్నాడే పంజాబ్ మీద ఒక్క పరుగు తేడాతో ఓటమి, యువరాజ్ హ్యాట్రిక్. మే 21న బెంగళూరు మీద ఓటమి, మనీశ్ పాండే 114 నాటౌట్. ఐపీఎల్‌లో భారతీయుడు కొట్టిన మొదటి సెంచరీ మన మీదే పడింది. లీగు ముగిసేసరికి ఏడు గెలుపులు, ఏడు ఓటములు. పంజాబ్‌తో పాయింట్లు సమానం. నెట్ రన్‌రేట్ ఒక్కటే మనల్ని నాలుగో స్థానంలో నిలబెట్టింది. ఇది ఛాంపియన్ల ఆట కాదని ఆ రోజు పేపర్లన్నీ రాశాయి. మాకూ అదే అనిపించింది. సెమీఫైనల్‌లో ఎదురుగా ఉన్నది పట్టికలో మొదటి స్థానం ఢిల్లీ. లీగులో వాళ్ల మీద రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఓడాం. గంభీర్, సెహ్వాగ్, వార్నర్, డివిలియర్స్, దిల్షాన్, ఒకరి తర్వాత ఒకరు.

మే 22, సెంచూరియన్. బెంగళూరు మీద ఓడిన మైదానంలోనే, మర్నాడే. మొదటి ఓవర్ ర్యాన్ హారిస్‌ది. ఓవర్ ముగిసేసరికి గంభీర్ లేడు, వార్నర్ లేడు. చాయ్ తెచ్చుకోవడానికి లేచినవాళ్లు లేచినచోటే నిలబడిపోయారు. ఢిల్లీ కూడదీసుకుని 153 చేసింది. అప్పటి లెక్కల్లో అది చిన్న స్కోరేమీ కాదు, పైగా సెమీఫైనల్.

తర్వాత గిల్‌క్రిస్ట్. డర్క్ నానెస్ మొదటి ఓవర్లో ఐదు ఫోర్లు. పదిహేడు బంతుల్లో యాభై. చూస్తున్నవాళ్లు మొదట అరిచారు, కాసేపటికి అరవడం మానేశారు. ప్రతి బంతికీ అరిస్తే గొంతు ఎక్కడ ఆగుతుంది? 35 బంతుల్లో 85 కొట్టి అతను వెనక్కి వెళ్తుంటే మ్యాచ్ దాదాపు అయిపోయింది, ఇంకా సగం ఓవర్లు ఉన్నాయి. పద్నాలుగు బంతులు మిగిలుండగా ఆరు వికెట్ల తేడాతో గెలిచాం. నేను చూసిన టీ20 ఇన్నింగ్స్‌లలో దాని పక్కన పెట్టదగ్గది మరొకటి లేదని నా అభిప్రాయం. తర్వాతి ఏళ్లలో పెద్ద స్కోర్లు చాలా వచ్చాయి. బౌండరీలు దగ్గరికి వచ్చాయి, బ్యాట్లు మందమయ్యాయి, ఇన్నింగ్స్‌కు 200 మామూలైంది. ఓడితే ఇంటికి పోవాల్సిన రాత్రి, ముందురోజే ఓడిన జట్టుకు కెప్టెన్‌గా నిలబడి, రెండుసార్లు తమను ఓడించిన బౌలర్లను అలా ఆడటం మళ్లీ చూడలేదు. అప్పటికి అతను అంతర్జాతీయ క్రికెట్ వదిలేసి ఏడాది దాటింది. వయసు 37. ఆ టోర్నీలో 495 పరుగులు చేసి ఉత్తమ ఆటగాడయ్యాడు. హైదరాబాద్‌తో ఏ చుట్టరికమూ లేని ఆస్ట్రేలియా మనిషి మా ఊళ్లో "గిల్లీ అన్న" అయ్యాడు.

ఫైనల్ మే 24న, జొహానెస్‌బర్గ్ వాండరర్స్‌లో. ఎదుటి జట్టు బెంగళూరు, ఎదుటి కెప్టెన్ అనిల్ కుంబ్లే. తన చేతిలో అంతమంది ఫాస్ట్ బౌలర్లున్నా మొదటి ఓవర్ కుంబ్లేనే వేశాడు, ఆ ఓవర్లోనే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు బౌల్డ్ చేశాడు. ఆ నిమిషం మా దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన "ఆయిపాయె" అని లేచి చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు. పాపం, ఆయన ఆ రాత్రి పోగొట్టుకున్నదాన్ని తర్వాత మేం ఎంత చెప్పినా పూడ్చలేకపోయాం.

గిబ్స్ ఒక చివర నిలబడ్డాడు. అతని తీరుకు అది పూర్తిగా విరుద్ధం. బంతిని చూస్తే చితకబాదే మనిషి, ఆ రోజు 48 బంతులు ఆడి 53 నాటౌట్‌గా మిగిలాడు. సైమండ్స్ 33 కొట్టాడు. మొత్తం 143. కుంబ్లే నాలుగు ఓవర్లు, 16 పరుగులు, నాలుగు వికెట్లు. ఓడిన జట్టులో ఉండి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ తెచ్చుకున్నాడు, అది అతనికి న్యాయంగా దక్కింది, ఇందులో రెండో మాట లేదు. మన వైపు ఆడినవాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, హైదరాబాద్ తిరుమలశెట్టి సుమన్, విశాఖ వేణుగోపాలరావు. పెద్దగా పరుగులు చేయలేదు. అయినా ఫైనల్ జాబితాలో తిరుమలశెట్టి అనే ఇంటిపేరు చూడటం మాకు గొప్పగా ఉండింది.

144 కొట్టడం బెంగళూరుకు కష్టం కాదు. వాన్ డెర్ మెర్వ్ గట్టిగా ఆడుతుంటే ప్రజ్ఞాన్ ఓఝా అతన్ని ముందుకు రప్పించాడు, గిల్‌క్రిస్ట్ స్టంపులు ఎగరేశాడు. ఓఝా ఆ రాత్రి మూడు వికెట్లు తీశాడు. అయినా రాస్ టేలర్ ఉన్నాడు, పక్కన కుర్రాడు కోహ్లీ ఉన్నాడు, ఓవర్లు ఉన్నాయి. అప్పుడు సైమండ్స్‌కు బంతి ఇచ్చారు. టేలర్ క్యాచ్. వెంటనే తర్వాతి బంతికి కోహ్లీ స్టంప్డ్. ఫైనల్ మొత్తంలో నన్నడిగితే ఆ రెండు బంతులే కప్పు తెచ్చాయి. పేపర్లు గిబ్స్ గురించి రాశాయి, చివరి ఓవర్ గురించి రాశాయి. ఆ రెండు బంతులు లేకపోతే చివరి ఓవర్ దాకా ఆట ఎక్కడ వచ్చేది?

చివరి ఓవర్లో 15 కావాలి. క్రీజులో రాబిన్ ఉతప్ప, బంతి ఆర్పీ సింగ్ చేతిలో. ఆ సీజన్‌లో 23 వికెట్లతో, అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే ఊదారంగు టోపీ అతనిదే. ఎనిమిది పరుగులే ఇచ్చాడు. ఆరు పరుగుల తేడాతో గెలుపు. కరెంటు పోతుందేమోనని ఓవర్ మొదలయ్యేటప్పుడు దుకాణం యజమాని చేతులు జోడించి నిలబడ్డాడు. పోలేదు. మామిడిపల్లి చౌరస్తాలో లారీలు ఆపి డ్రైవర్లకు స్వీట్లు తినిపించారు. వాళ్లలో పంజాబీలున్నారు, హర్యానావాళ్లున్నారు. ఎవరు గెలిచారో తెలియకుండానే తిని నవ్వి హారన్ కొట్టి పోయారు. ఎవరో పసుపు ముక్కలు దంచి తెచ్చారు. గులాల్ దొరకని వేళ అది. అందరి ముఖాల మీదా పసుపు. మా ఊళ్లో దానికి కొదవేముంది?

సైమండ్స్ 2022 మేలో క్వీన్స్‌లాండ్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజు పదమూడేళ్ల కిందటి ఆ రెండు బంతుల గురించి ఫోన్ల మీద ఫోన్లు. మస్కట్ నుంచి ఒకరు, షార్జా నుంచి ఒకరు. ఎప్పుడూ చూడని మనిషి చావుకు మనం ఇంత బాధపడతామా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ఆయన మా ఊళ్లో ఒక రాత్రి అందరినీ సంతోషపెట్టాడు. బాధపడటానికి అది చాలు.

కప్పు గెలిచిన జట్టును ఐపీఎల్‌లో సొంత మైదానంలో చూసే యోగం తెలుగువాళ్లకు దక్కలేదు, ఇది నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. 2009 అక్టోబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌కని ఉప్పల్‌లో రెండు ఆడారు, సోమర్‌సెట్ మీద, ట్రినిడాడ్ మీద, రెండూ ఓడారు. నవంబర్ 29న తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహార దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన, తర్వాత దానిమీద వెనక్కి తగ్గడం, రాష్ట్రమంతా నిప్పు. 2010 ఐపీఎల్‌లో హైదరాబాద్‌లో జరగాల్సిన మ్యాచులన్నీ నాగపూర్‌కు, కటక్‌కు, నవీ ముంబైకి పోయాయి. ఛాంపియన్ హోదాలో ఉన్న ఏడాది ఛార్జర్స్ ఉప్పల్‌లో ఒక్క ఐపీఎల్ మ్యాచ్ ఆడలేదు. ముందు ఏడాది మన ఎన్నికలు, ఈ ఏడాది మన ఉద్యమం. రెండుసార్లూ ఆట ఊరు వదిలిపోయింది మన కారణంగానే. ఆర్మూర్‌లో దీక్షా శిబిరం టెంటు కింద పగలంతా కూర్చున్న కుర్రాళ్లే రాత్రి మ్యాచ్ చూసేవాళ్లు. మ్యాచులు పోయినందుకు వాళ్లలో ఒక్కరు కూడా విసుక్కోగా నేను వినలేదు. "తెలంగాణ వచ్చినంక మళ్ల ఉప్పల్‌లనే ఆడుతరు, అందరం పోదాం" అనేవాళ్లు. రాష్ట్రం 2014లో వచ్చింది. అప్పటికి జట్టు లేదు.

ఆ 2010 సీజన్ కూడా తక్కువదేమీ కాదు. మునిగిపోయిందనుకున్న పడవ చివరి ఐదు మ్యాచులూ వరసగా గెలిచి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ చెన్నై బౌలర్ బొలింజర్ నాలుగు వికెట్లు తీసి మనల్ని 104కే ముగించాడు. మూడో స్థానం మ్యాచులో 82కే. ఆ ఏడు పసుపు క్వింటాలు పద్నాలుగు, పదిహేను వేలు పలికింది. మా వైపు అంత రేటు అంతకుముందు ఎవరూ చూడలేదు. ఊళ్లో చేతిలో డబ్బుంది, ఇళ్లకు కొత్త టీవీలొచ్చాయి, చాయ్ హోటళ్లలో గుంపు పలచబడింది. ఎవరింట్లో వాళ్లం చూశాం. ఓడినా అంత బాధ కలగకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

2011 వేలానికి ముందు యాజమాన్యం ఒక్క ఆటగాడిని కూడా అట్టిపెట్టుకోలేదు. ఈ నిర్ణయాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్, సైమండ్స్ ముంబైకి, లక్ష్మణ్ కొచ్చికి. కప్పు గెలిచిన గదిని ఖాళీ చేసి తాళం మాత్రం ఉంచుకున్నారు. సంగక్కర వచ్చాడు, డేల్ స్టెయిన్ వచ్చాడు, శిఖర్ ధావన్ వచ్చాడు, మంచి ఆటగాళ్లే. ఇషాంత్ శర్మ కొచ్చిలో 12 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసిన రోజు ఉంది. 2011 ఏప్రిల్‌లో బెంగళూరు మీద గెలిచి, పుట్టిన నాలుగో ఏట ఉప్పల్‌లో మొదటి ఐపీఎల్ గెలుపు చూశారు. పట్టికలో మాత్రం ఏడో స్థానం, మరుసటి ఏడు ఎనిమిదో స్థానం.

హైదరాబాద్ గెలిచి మాయమైన జట్లకు కొత్త కాదు. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఇప్పుడు ఆ పేరు తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 2005లో దేశంలో ప్రీమియర్ హాకీ లీగ్ పెడితే గచ్చిబౌలిలో మొదటి కప్పు ఎత్తింది హైదరాబాద్ సుల్తాన్స్. మూడేళ్లకు ఆ లీగే లేదు. ఛార్జర్స్ వాటి వరసలోకే పోయింది. పోయిన జట్టు గురించి రాసిపెట్టే అలవాటు మనకు ఇంకా రాలేదు. చూసినవాళ్లం ఉన్నప్పుడే ఇవి చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

జట్టు పోయిన తీరులో చెప్పుకోదగ్గ ఘనత ఏమీ లేదు. 2008 జనవరిలో 10.7 కోట్ల డాలర్లకు కొన్న యాజమాన్యం నాలుగేళ్లలో అప్పుల్లో పడింది. 2012లో జట్టును వేలానికి పెట్టారు. వచ్చిన ఒక్క బిడ్డునూ కాదన్నారు. బోర్డు రద్దు చేసింది. బ్యాంకు గ్యారంటీ, ముంబై హైకోర్టు, సుప్రీంకోర్టు, మధ్యవర్తి. అక్టోబర్‌లో సన్ టీవీ కొత్త హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. ఎనిమిదేళ్లకు మధ్యవర్తి యాజమాన్యానికి వేల కోట్ల పరిహారం ఇవ్వాలన్నాడు, ఆ మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇన్ని కాగితాల్లో ఎక్కడా అభిమాని అనే మాట లేదు. 2012 మా దగ్గర మామూలు ఏడు కాదు. రెండేళ్ల కిందట పదిహేను వేలు చూసిన పసుపు నాలుగు వేలకు జారింది. విత్తనం, ఎరువు, కూలి, ఉడకబెట్టే ఖర్చు లెక్కేస్తే రైతు మునిగాడు. అలాంటి వేళ క్రికెట్ జట్టు పోయిందని ఏడ్చే తీరిక ఎవరికుంది? అందుకే ఛార్జర్స్‌కు అప్పుడు దక్కాల్సిన వీడ్కోలు దక్కలేదు.

ఆ కొత్త జట్టును, కాషాయరంగు చొక్కాల సన్‌రైజర్స్‌ను, మేం ప్రేమించలేదనడం అబద్ధం. 2016లో బెంగళూరులో బెంగళూరునే ఎనిమిది పరుగులతో ఓడించి కప్పు తెచ్చినప్పుడు మళ్లీ చౌరస్తాలో లారీలు ఆగాయి. 2009లో హారిస్ మొదటి ఓవర్లోనే వెనక్కి పంపిన వార్నరే ఈసారి మన కెప్టెన్. అయితే హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పులు ఎన్ని అని అడిగితే ఒక్కటి అని చెప్పేవాళ్లను నేను ఒప్పుకోను. రెండు. కాగితాల మీద జట్టు వేరు కావచ్చు. చూసిన కళ్లు అవే, అరిచిన గొంతులు అవే.

ఛార్జర్స్ ఆడిన చివరి మ్యాచ్ 2012 మే 20న, ఉప్పల్‌లో, మళ్లీ బెంగళూరుతోనే. మనం ఎప్పుడో పోటీ నుంచి తప్పుకున్నాం. వాళ్లు గెలిస్తే ప్లేఆఫ్‌లోకి, ఓడితే ఇంటికి. మనవాళ్లు చేసింది 132. గేల్ ఉన్నాడు, కోహ్లీ ఉన్నాడు, డివిలియర్స్ ఉన్నాడు. స్టెయిన్ నాలుగు ఓవర్లు వేసి ఎనిమిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. హైదరాబాద్ కుర్రాడు ఆశిష్ రెడ్డి వికెట్లు తీస్తుంటే ఆ మైదానం మొదటిసారి మాకు మాదిలా అనిపించింది. తొమ్మిది పరుగులతో గెలిచాం. బెంగళూరు ఇంటికి పోయింది, ఆ చోటు చెన్నైకి దక్కింది. ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు గెలిచినందుకు మేం చేసిన గోలకు పక్క దుకాణంవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. అది చివరిదని మాకు తెలియదు. పసుపు బస్తాల మీద కూర్చుని అర్ధరాత్రి దాకా వచ్చే ఏడాది జట్టు ఎలా ఉండాలో లెక్కలు వేశాం. ధావన్‌తో ఎవరు మొదలుపెట్టాలి, సంగక్కర ఏ స్థానంలో రావాలి, ఆశిష్‌కు ఎన్ని ఓవర్లివ్వాలి. "స్టెయిన్ ఉన్నడు, ఇంకొక్క మంచి స్పిన్నర్‌ని తెస్తే సాలు, వచ్చే ఏడు కప్పు మనదే" అని పెర్కిట్ నుంచి వచ్చిన అన్న తేల్చి చెప్పాడు. అందరం ఒప్పుకున్నాం.